ఎక్కడ ఆగిపోయిందో వెతకండి: పిల్లలు తమ సత్తా మేరకు ఎదగాలంటే టీచర్ ఏడాది పొడవునా చేయాల్సిన పని

403 లోంచి 167 తీసేయమంటే ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె 364 అని రాసింది. కర్నూలు జిల్లా పడమటి వైపు, ఆదోని డివిజన్‌లో ఒక హైస్కూలు. నేను అప్పట్లో అక్కడ లెక్కల సార్‌ని. మొదటిసారి ఆ జవాబు చూసినప్పుడు ఇంటూ కొట్టి నోటుబుక్కు పక్కన పెట్టేశాను. తర్వాతి పేజీలో 512 లోంచి 248 పోతే 336 అని ఉంది. అప్పుడు ఆగి చూశాను. ఆ పిల్ల ఊరికే నోటికొచ్చింది రాయలేదు. పైనుందా కిందుందా అని చూడకుండా, ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేసింది. తనకు తానుగా ఒక పద్ధతి పెట్టుకుని, దాన్ని ఎక్కడా తప్పలేదు. తప్పంతా పద్ధతిలోనే ఉంది.

పక్కన కూర్చోబెట్టుకుని అడిగితే సంగతి తెలిసింది. అప్పు తెచ్చుకుని తీసేసే లెక్కలు చెప్పిన నెలల్లో ఇంటిల్లిపాదీ గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి సుగ్గికి, అంటే వలస కూలికి, పోయారు. తిరిగొచ్చేసరికి క్లాసు గుణకారాల్లో ఉంది. అక్కడ ఆగిపోయిన పిల్ల ఐదేళ్లు అక్కడే ఉంది. ఏడో తరగతిలో ఆమెకు లెక్కలు చెప్పింది నేనే. ఏడాదంతా చెప్పాను, ఒక్కసారీ చూడలేదు.

అప్పటినుంచి నా పని తీరు మారింది. స్టాఫ్‌రూమ్‌లో 'వీడికి బుర్ర ఉంది, వాడికి లేదు' అని మనం తెగ వాదించుకుంటాం. వాళ్లలో చాలామంది ఎక్కడో ఒక చోట ఆగిపోయి ఉంటారు. ఒకరు తీసివేత దగ్గర, ఒకరు ఒత్తుల దగ్గర, ఒకరు బోర్డు కనపడక, ఒకరు నవ్వుతారేమోనన్న భయంతో. ఆ చోటు దొరికితే సగం పని అయినట్టే. ఆ వెతుకులాటను జూన్ నుంచి ఏప్రిల్ దాకా ఎలా చేయాలో ఇక్కడ రాస్తున్నాను. ఉదాహరణలు ఎక్కువగా లెక్కల్లోంచే వస్తాయి, నాకు బాగా తెలిసింది అదే కాబట్టి. మిగతా సబ్జెక్టుల వాళ్లు తమకు తగ్గట్టు మార్చుకోవచ్చు.

జూన్: ఒక్క పేజీ, ఒక్కో పిల్లతో ఐదు నిమిషాలు

బడి తెరిచిన మొదటి రెండు వారాల్లో పాఠాలు మొదలుపెట్టకండి. అధికారులు అడిగితే రివిజన్ అని చెప్పండి, అబద్ధమేమీ కాదు. ఈ రెండు వారాల్లో ప్రతి పిల్లా ఎక్కడుందో తెలుసుకోవాలి. దీన్ని క్లాసంతటికీ కలిపి పేపరు ఇచ్చి చేస్తే లాభం లేదు. పక్కవాడిది చూసి రాస్తారు, మనకు పక్కవాడి సంగతి తెలుస్తుంది. ఒక్కొక్కరినీ పిలిచి పక్కన కూర్చోబెట్టుకోవాలి. రోజుకు ఎనిమిది మందిని పిలిచినా యాభై మంది క్లాసు వారం రోజుల పైచిలుకులో అయిపోతుంది. మిగతావాళ్లకు ఆ సమయంలో బొమ్మలు గీసే పనో, చదువుకునే పనో ఇవ్వండి.

చదవడానికి నాలుగు మెట్లు పెట్టుకోండి: విడి అక్షరాలు, గుణింతాలూ ఒత్తులూ ఉన్న పదాలు, రెండో తరగతి స్థాయి చిన్న పేరా, పది పన్నెండు వాక్యాల కథ. పేరాతో మొదలుపెట్టండి. చదివితే కథకు ఎక్కండి, తడబడితే పదాలకు దిగండి. ఎక్కడ తడబాటు లేకుండా చదివారో అది ఆ పిల్ల ఉన్న మెట్టు. లెక్కల్లో అంకెలు గుర్తుపట్టడం, స్థాన విలువ, అప్పు తెచ్చే తీసివేత, ఒక అంకెతో భాగహారం, భిన్నాలు. ఆరు నుంచి తొమ్మిది తరగతుల వరకు ఇదే చాలు. తొమ్మిదో తరగతికి ఇది మరీ చిన్నదేమో అనిపిస్తుంది. నాకూ అనిపించింది, మొదటి ఏడాది తొమ్మిదో తరగతిని వదిలేసి తర్వాత పశ్చాత్తాపపడ్డాను.

మార్కులు వేయకండి. ఒక లాంగ్ నోటుబుక్కులో పిల్లకో పేజీ కేటాయించి, తేదీ వేసి, ఏం చేయగలిగిందో, ఎక్కడ ఆగిందో రెండు వాక్యాలు రాయండి. 'లెక్కల్లో వీక్' అని రాస్తే దాంతో ఎవరికీ పని జరగదు. 'పైన సున్నా ఉంటే అప్పు తెచ్చుకోవడం రాదు' అని రాస్తే రేపు పొద్దున ఏం చెప్పాలో మీకే తెలుస్తుంది.

ఇంకో సంగతి. పిల్ల తప్పు చెప్పగానే దిద్దకండి. 'ఇదెట్ల చేసినావో నాకు చెప్పమ్మా' అని అడిగి వినండి. 0.5, 0.25 ఈ రెండిట్లో ఏది పెద్దదంటే సగం క్లాసు 0.25 అంటుంది. ఎందుకంటే 'ఇరవై ఐదు పెద్దది కదా సార్' అంటారు. అర రూపాయి, పావలా అంటే మాత్రం ఏది పెద్దదో వెంటనే చెప్తారు. అంటే తెలివికి లోటేం లేదు, దశాంశ బిందువు దగ్గర ఒక అడుగు కుంటుతోంది. ఈ మాట మీకు పేపరు దిద్దితే ఎప్పటికీ తెలియదు.

జూలై నుంచి: రోజూ ఒక పీరియడ్ తరగతులు కలిపేయడం

నోటుబుక్కు నిండాక ఒక నిజం ఎదురవుతుంది. ఎనిమిదో తరగతి పుస్తకం ఎనిమిదో తరగతి స్థాయిలో ఉంది, పిల్లల్లో కొందరు మూడో తరగతి దగ్గర ఉన్నారు. ఏడాదిలో విడతలుగా వచ్చే ఎఫ్‌ఏ, ఎస్‌ఏ (ఫార్మేటివ్, సమ్మేటివ్) పరీక్షల షెడ్యూలు మాత్రం ఎవరి కోసమూ ఆగదు. ఈ టెన్షన్ మనందరికీ ఉంది. సిలబస్ వదిలేయమని నేను అనను. రోజుకు ఒక్క పీరియడ్ మాత్రం సిలబస్ చేతికి ఇవ్వకండి.

ఆ ఒక్క పీరియడ్‌లో ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు తమ క్లాసులో కూర్చోరు. ఆగిన చోటును బట్టి మూడు గుంపులు అవుతారు. ముగ్గురు టీచర్లు ఒక్కో గుంపును తీసుకుంటారు. దీనికి హెచ్‌ఎం గారి ఒప్పుదల, ఇద్దరు తోటి టీచర్ల మనసూ కావాలి. మా బళ్లో మొదటి ఏడాది నాకు ఒక్కరే దొరికారు, తెలుగు మేడం. ఇద్దరమే రెండు గుంపులు నడిపాం. మూడో గుంపు, అంటే బాగా చదివేవాళ్లు, లైబ్రరీ పుస్తకాలతో వాళ్లంతట వాళ్లే కూర్చునేవాళ్లు.

గుంపులకు ఏ, బి, సి అని పేర్లు పెట్టకండి. పెడితే ఊరంతటికీ తెలిసిపోతుంది, సాయంత్రానికి రచ్చబండ దగ్గర 'మావాడు సి అంట' అని మాట్లాడుకుంటారు. తుంగభద్ర, హంద్రీ, పెన్నా అని మేం నదుల పేర్లు పెట్టాం. ప్రతి ఆరు వారాలకు మళ్లీ చూసి మార్చాలి. ఒకసారి వేసిన గుంపులోనే ఏడాదంతా ఉంచితే అది ముద్ర అయిపోతుంది. ఎనిమిదో తరగతి పిల్ల ఆరో తరగతి పిల్లల మధ్య కూర్చోవడానికి సిగ్గుపడుతుంది. ఆ సిగ్గును తేలిగ్గా తీసుకోకండి. మేం పెద్దపిల్లలకు చిన్నపిల్లల పలకలు దిద్దే పని ఇచ్చాం. 403 నుంచి 167 తీసేయడం ఆ పిల్ల ముందు తను నేర్చుకుంది, మర్నాడు ఇద్దరు ఆరో తరగతి పిల్లలకు చెప్పింది. చెప్పేటప్పుడు 'సున్నా ఇంట్లో ఏమీ లేదు, అందుకే పక్కింటికి పోవాల' అంది. నేనిన్నేళ్లలో అంత బాగా చెప్పలేదు.

ఆ గుంపులో ఏం చెప్పాలి? కాగితం మీది అంకెల కంటే ముందు చేతికి తగిలే వస్తువు. అగ్గిపుల్లలు పదేసి కట్టలు కట్టండి, కట్ట విప్పితేనే విడిపుల్లలు వస్తాయని వాళ్ల చేతులే కనుక్కుంటాయి. భిన్నాలకు జొన్నరొట్టెను మించిన బోధనోపకరణం లేదు. లాభనష్టాలకు పుస్తకంలోని కుర్చీల వ్యాపారి ఎందుకు, పత్తికొండ టమాటా ఉంది, ఆదోని యార్డులో పత్తీ శెనక్కాయలూ ఉన్నాయి. ధర పడిపోయినప్పుడు ఇంట్లో జరిగిన మాటలు ఆ పిల్లలు విన్నారు. వడ్డీ లెక్క వాళ్లకు చాప్టరు కాదు, నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి ఎంతవుతుందో మొదటిసారి లెక్కవేసి ఒకడు చాలాసేపు మాట్లాడలేదు. అప్పుడు నేనూ మాట్లాడలేదు.

ప్రతి రోజూ: అడిగి ఆగడం

'అర్థమైందా?' అనే ప్రశ్నను నోట్లోంచి తీసేయండి. 'అయింది సార్' అని యాభై గొంతులు ఒక్కసారి పలుకుతాయి, అందులో సమాచారం ఏమీ లేదు.

దాని బదులు ప్రతి పిల్ల చేతిలో ఒక పలక పెట్టండి. హైస్కూల్లో పలకలేమిటని నవ్వుతారు. నవ్వనివ్వండి. 'మూడు పావుల కంటే పెద్దది, ఒకటి కంటే చిన్నది, ఒక భిన్నం రాసి పైకి చూపండి' అంటే అర నిమిషంలో యాభై జవాబులు మీ కళ్ల ముందుంటాయి. ఎవరు రాయలేదో, ఎవరు తడిమి చూస్తున్నారో తెలిసిపోతుంది. చేయెత్తే పద్ధతిలో మనకు రోజూ కనపడేది ఆ ఐదుగురి చేతులే.

ఇక ఆగడం. మేరీ బడ్ రో అనే అమెరికన్ విద్యా పరిశోధకురాలు 1970ల్లో తరగతి గదుల రికార్డింగులు విని ఒక సంగతి గమనించారు. ప్రశ్న అడిగాక టీచర్లు సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారు. ఆ తర్వాత జవాబు తామే చెప్పడమో, ఇంకొకరిని అడగడమో జరుగుతోంది. దాన్ని మూడు సెకన్లకు పెంచినప్పుడు పిల్లల జవాబులు పొడవయ్యాయి, ఊరుకుండిపోవడం తగ్గింది, మామూలుగా నోరు విప్పనివాళ్లు మాట్లాడారు. ఇది చదివి నేను జేబులో ఫోన్ రికార్డర్ పెట్టుకుని ఒక పీరియడ్ చెప్పాను. ఇంటికెళ్లి వింటే సిగ్గేసింది. పద్దెనిమిది ప్రశ్నలు అడిగాను, పదకొండింటికి జవాబు నేనే చెప్పుకున్నాను. మీరూ ఒకసారి విని చూడండి, ఎవరికీ వినిపించక్కర్లేదు. మూడు సెకన్లు ఆగడం ఎంత కష్టమో అప్పుడు తెలుస్తుంది. నేను మనసులో 'ఆదోని, ఎమ్మిగనూరు, మంత్రాలయం' అనుకుంటాను. ఆ మూడు పేర్లయ్యేసరికి సరిపోతుంది.

పిల్ల నోరు విప్పాక ఇంకో ప్రమాదం మనమే. మా వైపు పిల్లలు కొందరు ఇంట్లో కన్నడ మాట్లాడతారు, కొందరు ఉర్దూ, తండాల నుంచి వచ్చేవాళ్లు సుగాలీ మాట. తెలుగే మాట్లాడేవాళ్లది కూడా పుస్తకంలో ఉన్న తెలుగు కాదు. 'యాడ', 'ఏంటికి', 'బుడ్డలు' అంటారు. పిల్ల జవాబు చెబుతుండగా మధ్యలో 'బుడ్డలు కాదు, వేరుశనగ అనాలి' అన్నామంటే జవాబు అక్కడే తెగిపోతుంది. ముందు మొత్తం చెప్పనివ్వండి. విషయం కరెక్టయితే కరెక్టని చెప్పండి. ఆ తర్వాత 'పరీక్షలో దీన్ని వేరుశనగ అని రాద్దాం' అనండి. ఇంటి మాట తప్పు కాదని, పుస్తకం మాట అదనమని పిల్లకు అర్థం కావాలి. కన్నడ ఇంటి పిల్లలకైతే లెక్క ముందు కన్నడలోనే తోటివాళ్లతో మాట్లాడుకుని తర్వాత తెలుగులో చెప్పే వీలు ఇవ్వండి. మీకు కన్నడ రాకపోతే ఏం ఫర్వాలేదు, వాళ్లలో వాళ్లకు వస్తుంది కదా. ఇంగ్లిష్ మీడియం పుస్తకం ఉన్నచోట ఇది ఇంకా అవసరం. ఒకే పేజీలో పిల్ల రెండు నదులు దాటాలి.

తప్పును చదవడం, మెచ్చుకోవడం

దీని గురించి ఎక్కువ చెప్పను. నోటుబుక్కులు దిద్దేటప్పుడు అన్నీ దిద్దకండి. రోజుకు పది తీసుకుని, ఒక్కో దాంట్లో ఒక్క తప్పు కింద ఒక్క వాక్యం రాయండి: 'ఈ మెట్టు దాకా కరెక్టు, ఇక్కడ గుర్తు మారింది, మళ్లీ చూడు.' పిల్ల దిద్దుకున్నాక చూసి టిక్కు పెట్టండి. దిద్దుకోని తప్పుకు ఎర్ర సిరా దండగ.

మెచ్చుకునేటప్పుడు 'నువ్వు తెలివైనదానివి' అనేకంటే చేసిన పనిని చెప్పండి. 'మూడు విధాలుగా ప్రయత్నించావు, అందుకే దొరికింది.' క్లాడియా మ్యూలర్, కేరల్ డ్వెక్ 1998లో ప్రచురించిన ప్రయోగాల్లో తెలివిని పొగిడించుకున్న పిల్లలు తర్వాత కష్టమైన లెక్క ఎదురైతే త్వరగా వెనకడుగు వేశారు, ప్రయత్నాన్ని మెచ్చుకున్న పిల్లలు పట్టు వదల్లేదు. మన తరగతుల్లో ఫస్టు వచ్చే పిల్లల్ని గమనించండి. కొత్త రకం లెక్క ఇస్తే ముందు బెదిరిపోయేది వాళ్లే.

స్టాఫ్‌రూమ్ మాట కూడా ఇక్కడే చెప్పాలి. ఆరో తరగతి టీచర్ ఏడో తరగతి టీచర్‌కు పిల్లల్ని అప్పగించేటప్పుడు 'వాడు మొద్దు, వీళ్లన్న కూడా అంతే' అని ఒక్క మాట అంటారు. ఆ మాట ఏడాదంతా పనిచేస్తుంది. 1960ల్లో కాలిఫోర్నియాలోని ఒక బడిలో రోసెంతాల్, జేకబ్సన్ అనే పరిశోధకులు ఎలాంటి ఎంపికా లేకుండా కొందరి పేర్లు తీసి, వీళ్లు ఈ ఏడాది బాగా ముందుకొస్తారని టీచర్లకు చెప్పారు. ఏడాది చివర ఒకటి, రెండు తరగతుల్లో ఆ పిల్లలు నిజంగానే ముందుకొచ్చారు. ఆ ఫలితం ఎంత పెద్దదనే విషయంలో తర్వాత చాలా వాదనలు జరిగాయి. టీచర్ చూపు పిల్లను తాకుతుందని ఒప్పుకోవడానికి నాకు ప్రయోగం అక్కర్లేదు, నన్ను నాలుగో తరగతిలో మొద్దు అన్నవారి గొంతు ఇప్పటికీ గుర్తుంది.

కొట్టడం గురించి రెండు మాటలు. విద్యా హక్కు చట్టం, 2009లోని 17వ సెక్షన్ శారీరక శిక్షనే కాదు, మానసిక వేధింపును కూడా నిషేధించింది. చట్టం సంగతి అలా ఉంచితే, భయపడిన పిల్ల తప్పును దాచుకుంటుంది. తప్పు దాచుకుంటే ఆగిన చోటు మనకు దొరకదు.

ఆగస్టు: కళ్లు, చెవులు, పళ్లు, ఆకలి

కొందరు పిల్లలు ఆగిన చోటు పుస్తకంలో ఉండదు, ఒంట్లో ఉంటుంది. ఒక పూట కేటాయించి ఈ పరీక్ష చేయండి. పిల్లల్ని చివరి బెంచీ దగ్గర నిలబెట్టి, ఒక కన్ను మూయించి, బోర్డు మీద మామూలు సైజులో రాసిన అంకెలు చదివించండి, తర్వాత రెండో కన్ను. బోర్డు చూడకుండా పక్కవాడి నోటుబుక్కులోంచి రాసుకునే పిల్లలు ఎవరో గమనించండి. మనం కాపీ అని తిట్టేది చాలాసార్లు చూపు సమస్య. ప్రభుత్వం కంటి పరీక్షలు చేసి కళ్లజోళ్లిచ్చిన కంటి వెలుగు కార్యక్రమం 2019 అక్టోబరు 10న పక్కనున్న అనంతపురంలోనే మొదలైంది, మొదటి దశలో చూసింది బడి పిల్లల కళ్లే. కళ్లజోడు వచ్చినా కొందరు సంచిలోంచి తీయరు, 'నాలుగు కళ్లోడు' అంటారని. ఆ మాట అన్నవాళ్లతో మాట్లాడే బాధ్యత మనది. నేను నా కళ్లజోడు తీసి బోర్డు మీద రాసి చూపించాను, అక్షరాలు వంకరపోయాయి, అందరం నవ్వుకున్నాం. మర్నాటి నుంచి ఇద్దరు పెట్టుకున్నారు.

పిలిస్తే పలకని పిల్లను పొగరనుకునే ముందు వెనకనుంచి మెల్లగా పేరు పిలిచి చూడండి. చెవి చీము సంగతి అలాగే బయటపడుతుంది.

మన సీమలో చాలా ఊళ్లలో బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. పళ్లకు పసుపు, గోధుమ రంగు మచ్చలు వస్తాయి. చేయి అడ్డం పెట్టుకుని మాట్లాడే పిల్ల, క్లాసులో నోరు విప్పని పిల్ల కనపడితే ఒకసారి దీన్ని కూడా గుర్తుపెట్టుకోండి. పొద్దున ఏం తినకుండా వచ్చేవాళ్లు కష్టమైన పాఠం మొదటి పీరియడ్‌లో మోయలేరు. టైంటేబుల్ మన చేతిలో ఉంటే భోజనం తర్వాతి ఎండ పీరియడ్ కూడా లెక్కలకు ఇవ్వకండి. రెండో, మూడో పీరియడ్ మేలు. ఆడపిల్లలు నెలలో కొన్ని రోజులు వరసగా మానేస్తుంటే మేడం ఎవరైనా కారణం అడగాలి, బాత్‌రూమ్‌లో నీళ్లు వస్తున్నాయో లేదో హెచ్‌ఎం చూడాలి.

దసరా లోపే: సుగ్గి గురించి మాట్లాడటం

కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, మంత్రాలయం వైపు పనిచేసే టీచర్లకు ఇది అన్నిటికన్నా ముఖ్యం. పంట చేతికి రాని ఏడు దసరా, దీపావళి దాటాక ఊళ్లు ఖాళీ అవుతాయి. పత్తికి, మిరపకు గుంటూరు, పల్నాడు వైపు, తెలంగాణకు, కట్టడం పనులకు బెంగళూరుకు పోతారు. పిల్లలు వెంట పోతారు. కొందరు చిన్నవాళ్లను చూసుకోవడానికి, కొందరు కోయడానికే. కిలో లెక్కన కూలి ఇచ్చేచోట పన్నెండేళ్ల చేతులు కూడా లెక్కలోకి వస్తాయి. దీన్ని తల్లిదండ్రుల బాధ్యతారాహిత్యం అని తేల్చేయడం తేలిక. వాళ్లింట్లో కూర్చుని మాట్లాడితే అంత తేలికగా అనలేం.

మాట్లాడటానికి బండి ఎక్కేరోజు వెళ్తే ఉపయోగం ఉండదు. సెప్టెంబరులోనే, రాత్రి ఏడు దాటాక, పొలం నుంచి వచ్చి అన్నం తినే వేళకు కాస్త ముందో వెనకో వెళ్లండి. ఖాళీ చేతులతో కాకుండా పిల్ల పేజీ తీసుకుని వెళ్లండి. మొదటి మాట పిల్ల గురించి మంచి మాట కావాలి. ఒక తండ్రితో నా సంభాషణ ఇలా నడిచింది.

"రా సార్, కూసో. ఏమన్నా తప్పు చేసిందా మా పిల్ల?"

"ఏం లేదన్నా. తీసివేతలు వచ్చేసినాయి ఆ పిల్లకు. ఇప్పుడు చిన్నపిల్లలకు తనే చెబుతోంది. అది చెప్పిపోదామని వచ్చిన."

ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. "మేము పోతే ఈడ పిల్లని ఎవురు చూసుకుంటారు సార్?" అన్నాడు చివరికి.

"అవ్వ ఉంది కదన్నా. రాత్రి పడుకోను, తినను సీజనల్ హాస్టల్ ఉంటది. పగలు బళ్లో మేముంటాం."

"అవ్వకు కండ్లు కనపడవు. పిల్ల ఉంటే అవ్వకే తోడు," అంది లోపలినుంచి ఆ పిల్ల తల్లి. నేను చెప్పాలనుకున్నది ఆమె చెప్పేసింది.

సమగ్ర శిక్ష కింద నడిచే సీజనల్ హాస్టళ్లు ఇలాంటి పిల్లల కోసమే. ఎవరెవరు ఆగుతారో జాబితా ముందే తయారు చేసి హెచ్‌ఎం ద్వారా పంపాలి. హాస్టల్ తెరిచేలోపు వెళ్లిపోయే కుటుంబాలు ఉంటాయి, అందుకే ఆ మధ్య రోజులకు పిన్నమ్మో, మేనత్తో ఎవరో ఒకరి ఇల్లు మాట్లాడిపెట్టుకోండి.

అయినా కొందరు పోతారు. వాళ్లను పోయినవాళ్ల కింద రాసేయకండి. తండ్రి ఫోన్ నంబరు తీసుకోండి, వెళ్లే ఊరి పేరు రాసుకోండి, అక్కడి బడిలో కూర్చోబెట్టడానికి ఒక చీటీ రాసి ఇవ్వండి. రెండు వారాలకోసారి ఫోన్ చేసి పిల్లతోనే మాట్లాడండి, రెండు నిమిషాలు చాలు. ఉగాదికి తిరిగొచ్చిన రోజున 'ఇన్నాళ్లు యాడికి పోతివి?' అని అందరి ముందు అడగకండి. మళ్లీ ఒక్క పేజీ పరీక్ష చేయండి, ఆగిన చోట గుంపులో కూర్చోబెట్టండి. ఆ 364 పిల్ల ఆగిపోయింది ఇలా తిరిగొచ్చిన వారంలోనే.

ముందున్నవాళ్లు కూడా ఆగిపోతారు

వెనకబడ్డవాళ్ల మీద పడి మూడో గుంపును నేను రెండేళ్లు గాలికి వదిలేశాను. వాళ్లకు 95 మార్కులు వస్తాయి కదా అని. 95 వచ్చే పిల్ల కూడా ఆగిపోతుంది, దారి ఉందని ఎవరూ చెప్పక. ఇక్కడ టీచర్ చేయాల్సింది సగం పాఠం, సగం కాగితాల పని.

ఐదో తరగతి చెప్పేవాళ్లు నవోదయ పరీక్ష గుర్తుపెట్టుకోండి. రెండు గంటలు, 80 ప్రశ్నలు, 100 మార్కులు. అందులో సగం మార్కులు మానసిక సామర్థ్యానివే. బొమ్మల పోలికలు, వరుసలు మన పుస్తకాల్లో ఉండవు కాబట్టి తెలివైన పిల్ల కూడా మొదటిసారి చూసి బెదురుతుంది. నెల రోజులు రోజుకు ఐదు బొమ్మలు బోర్డు మీద గీస్తే ఆ బెదురు పోతుంది. కర్నూలు వైపు వాళ్లకు నవోదయ ఎమ్మిగనూరు దగ్గర బనవాసిలో ఉంది, అనంతపురం వైపు వాళ్లకు లేపాక్షిలో. 75 శాతం సీట్లు గ్రామీణ పిల్లలకే.

ఎనిమిదో తరగతికి ఎన్‌ఎంఎంఎస్, అంటే కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్ పరీక్ష. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏటా 12,000 రూపాయలు, మొత్తం 48,000. కుటుంబ ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు. రెండు పేపర్లు, ఒక్కోటి 90 ప్రశ్నలు. పిల్లలు ఎక్కువగా పోగొట్టుకునేది పరీక్షలో కాదు, కాగితాల్లో. ఆధార్‌లో ఒక పేరు, బడి రికార్డులో ఇంకో పేరు, ఇంటిపేరు ఒకచోట ముందు ఒకచోట వెనక. ఆదాయ ధ్రువపత్రం చివరి రోజున తెస్తామంటారు. జూలైలోనే ప్రతి పిల్ల ఆధార్, రికార్డు పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూడండి. ఈ ఒక్క పనికి ఒక శనివారం పెట్టారంటే దాని విలువ 48,000 రూపాయలు.

పదో తరగతి వాళ్లకు ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ గురించి తొమ్మిదిలోనే చెప్పాలి. అది 2008లో మొదలైన ఆర్‌జీయూకేటీ అనే ప్రభుత్వ సాంకేతిక విశ్వవిద్యాలయంలో భాగం. అక్కడ పదో తరగతి మార్కులతోనే ఆరేళ్ల కోర్సుకు ఎంపిక చేస్తారు, ప్రభుత్వ బడుల పిల్లలకు అదనపు వెయిటేజీ ఉంది. కోచింగ్ అక్కర్లేని దారి ఇది. అక్కడ చదువుతున్న మీ ఊరి అమ్మాయి ఎవరైనా సెలవులకు వస్తే ఒక గంట క్లాసులో కూర్చోబెట్టండి. మన ఉపన్యాసం కంటే ఆ గంట ఎక్కువ పనిచేస్తుంది, హాస్టల్ అన్నం బాగుండదని ఆమె చెప్పినా సరే.

మార్కుల్లో కనపడని వాళ్లు కూడా ఉంటారు. మోటారు విప్పి బిగించేవాడు, పీర్ల పండగకు డప్పు వాయించేవాడు, కబడ్డీలో గీత దాటి తిరిగొచ్చేది. వాళ్ల పేజీలో ఆ సంగతి కూడా రాయండి. సైన్సు సార్‌కు విద్యుత్ పాఠం చెప్పేరోజు ఆ మోటారువాణ్ణి ముందుకు పిలవమనండి.

జనవరి తర్వాత: గుర్తుండటం

పదో తరగతి స్టడీ అవర్లలో పిల్లలు చదివిందే పైకి చదువుతూ ఉంటారు. చదువుతున్నట్టే ఉంటుంది, నిలవదు. రోడిగర్, కార్పికె 2006లో చేసిన ప్రయోగంలో పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవాళ్లు ఐదు నిమిషాల తర్వాత ముందున్నారు. వారం తర్వాత చూస్తే, పుస్తకం మూసి గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లు వాళ్లను దాటిపోయారు. అందుకని స్టడీ అవర్‌ను రెండు ముక్కలు చేయండి. ఇరవై నిమిషాలు చదవడం, తర్వాత పుస్తకం మూసి తెల్లకాగితం మీద గుర్తున్నదంతా రాయడం, ఆపై తెరిచి మిగిలిపోయింది వేరే రంగుతో నింపడం. ప్రతి పీరియడ్ మొదట్లో ఐదు ప్రశ్నలు వేయండి: నిన్నటివి రెండు, పోయిన వారానివి రెండు, పోయిన నెలది ఒకటి. మార్కులు వద్దు. పాస్ మార్కు 35 దగ్గర ఊగుతున్న పిల్లలకు అన్ని చాప్టర్లూ రుద్దడం కంటే వాళ్ల పేజీలో ఉన్న రెండు మూడు ఆగిన చోట్లను దాటించడం మేలు.

ఏప్రిల్: పేజీ అప్పగించడం

వేసవి సెలవులకు ముందు జూన్‌లో పెట్టిన ఒక్క పేజీ పరీక్షనే మళ్లీ పెట్టండి. రెండు తేదీలు పక్కపక్కన రాయండి. పిల్లకు చూపించండి, ఇంట్లో చూపించమని జిరాక్సు ఒకటి ఇవ్వండి. కదలని పిల్లలు ఉంటారు. నా నోటుబుక్కులో ఏటా నలుగురైదుగురు ఉంటారు, వాళ్ల పేజీల్లో నేను ఏమేం ప్రయత్నించానో రాస్తాను, తర్వాతివాళ్లు అవే మళ్లీ చేయకుండా.

ఆ నోటుబుక్కు మీ బీరువాలో పెట్టుకోకండి. పై తరగతి టీచర్ చేతికి ఇవ్వండి. బదిలీ అయితే కొత్తగా వచ్చేవారి కోసం హెచ్‌ఎం దగ్గర ఉంచండి. నేను పోయినసారి బదిలీ మీద వచ్చేటప్పుడు అప్పగించిన నోటుబుక్కులో ఆ 364 పిల్ల పేజీ చివర ఇలా ఉంది: 'తీసివేతలు, గుణకారాలు వచ్చాయి. చిన్నపిల్లలకు బాగా చెబుతుంది. భాగహారంలో రెండంకెల సంఖ్యతో భాగించడం దగ్గర ఆగింది. జూన్‌లో అక్కడినుంచి మొదలుపెట్టండి. దసరా లోపు వాళ్ల నాన్నతో ఒకసారి మాట్లాడండి.'